బావి మనిషి కూతురు అండమాన్ పోయింది

"అమ్మా, అబ్దుల్లా అన్న పుట్టిన తేదీ ఆధార్ కాపీలో సరింగ కనపడల్యా. ఒకసారి చెప్తారా?" అని నంద్యాల నుంచి తిమోతి ఫోన్ చేసినప్పుడు జబీనా ఆళ్లగడ్డలో తన అంగట్లో పుచ్చ విత్తనాల ప్యాకెట్లు అలమారాలో సర్దుతోంది. తిమోతి ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. ఈ చుట్టుపక్కల మండలాల డీలర్లందరికీ అతనే దిక్కు.

"అబ్దుల్లా పుట్టిన తేదీ నీకెందుకప్పా?"

"అండమాన్ టికెట్టుకమ్మా. మీ అంగడి తరఫున ఆయనే పోతాండాడు గదా. నిన్ననే ఆధార్ పంపించినాడు."

జబీనా చేతిలోని ప్యాకెట్లు బల్ల మీద పెట్టింది. ఆ ఏడు మొక్కజొన్న విత్తనం ఎక్కువగా అమ్మిన డీలర్లను అండమాన్‌కు తీసుకుపోతామని కంపెనీ ముందే చెప్పింది. నంద్యాల, ఆళ్లగడ్డ, గడివేముల, రుద్రవరం వైపు నుంచి ఇరవైరెండు మంది తేలారు. అందులో జబీనా అంగడిది మూడో స్థానం. పొద్దున ఎనిమిదికి షట్టర్ లేపింది మొదలు చీకటి పడేదాకా కూర్చుని అమ్మింది ఆమె. మరిది అబ్దుల్లా మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి, ఫ్యాను కింద కుర్చీ లాక్కుని ఫోన్ చూసుకునేవాడు.

"తిమోతీ, అంగడి లైసెన్సు ఎవురి పేరున ఉండాది?"

"మీ పేరునేనమ్మా."

"టూరు డీలరుకా, డీలరు మరిదికా?"

"డీలరుకే. కాకపోతే... అందరూ మొగోళ్లే అమ్మా. ఇరవైరెండు మందిలో ఆడమనిషి మీరొక్కరే. మీకే ఇబ్బందయితాదని..."

"నా ఇబ్బంది నేను చూసుకుంటా. నా ఆధార్ పంపిస్తాండా, రాసుకో."

అంత గట్టిగా మాట్లాడటం జబీనాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆరేళ్ల కిందట భర్త ముబారక్ గుండెపోటుతో పోయినప్పుడు ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన కాగానే బంధువులంతా కూడి, అంగడి అబ్దుల్లాకు అప్పగించమన్నారు. ఆమె అప్పగించలేదు. పురుగుమందుల డీలర్లకు పెట్టే కోర్సులో చేరి, ఏడాదిపాటు ఆదివారాలు బస్సెక్కి నంద్యాల పోయి చదివింది. ఆ తరగతిలోనూ ఆమె ఒక్కతే ఆడది. మొదట్లో రైతులు గడపలో నిలబడి "మొగోళ్లెవురూ లేరా?" అని అడిగేవాళ్లు. "ఉన్నా లేకున్నా మందు చెప్పేది నేనే. నీ చేన్లో ఏం పురుగు పడిందో చెప్పు" అనేది. రెండు పంటలు గడిచేసరికి ఆ ప్రశ్న ఆగిపోయింది.

సాయంత్రానికి అబ్దుల్లాకు సంగతి తెలిసింది. ఇంటికొచ్చి ఒంటికాలి మీద లేచాడు.

"ఏందీ భాభీ, ఇరవైమంది మొగోళ్లతో సముద్రానికి పోతావా? మన ఇంట్లో ఎప్పుడన్నా జరిగిందా? రేపు నలుగురిలో నేను తలెత్తుకోవద్దా?"

"నీ ఆధార్ పంపించేటప్పుడు నాకొక మాట చెప్పినావా?"

"చెప్పేదేముంది? నువ్వు పోవని తెలుసు గదా."

"అది నీకెట్ల తెలిసింది? నన్నడగకనే?"

అబ్దుల్లా అమ్మ వైపు తిరిగాడు. అత్త హజీరా మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి. కోడలిని పొగిడిన రోజు లేదు, తిట్టిన రోజులు బోలెడు. పెళ్లైన కొత్తలో జబీనాకు ఉర్దూ రాదని ఊరంతా చెప్పి నవ్వింది ఆమే. జబీనా పుట్టింటి వాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రుద్రవరం ముస్లింలు. అత్తింటి ఉర్దూ ఆమె తిట్లు తింటూనే నేర్చుకుంది.

"నువ్వన్నా చెప్పమ్మీ" అన్నాడు అబ్దుల్లా.

హజీరా చేతిలో కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, "అంగట్లో నేను కూచుంటాలే ఆ ఐదురోజులు. దాని టికెట్టు దాన్ని పోనీ" అంది.

అమ్మ అట్లంటుందని అబ్దుల్లా అనుకోలేదు. జబీనా కూడా ఆ మాట ఎదురుచూడలేదు. తర్వాత వంటింట్లో ఎందుకట్ల అన్నావని అడిగితే, "మూడు నెలల ఎండల్లో వాడెప్పుడన్నా బస్తా మోసినాడా?" అని మాత్రం అంది ముసలామె.

జబీనాకు అండమాన్ అంటే విమానమో హోటలో గుర్తు రాలేదు. నీళ్లు గుర్తొచ్చాయి. తిమోతి పంపిన కాగితంలో మూడో రోజు దగ్గర 'స్కూబా డైవింగ్' అని రాసి ఉంది. నీళ్ల కిందకు తీసుకుపోతారని తిమోతిని అడిగి తెలుసుకుంది. ఆ రోజు నుంచి ఆమె మనసు మనసులో లేదు.

ఆమె నాయన దాదా ఖలందర్‌ను రుద్రవరం చుట్టుపక్కల 'బావి మనిషి' అనేవాళ్లు. సేద్యం బావుల్లో మోటారు జారి పడిపోయినా, పైపు అడుగున ఫుట్‌వాల్వుకు నాచు పట్టినా, ఆయనకు కబురొచ్చేది. నడుముకు మోకు కట్టుకుని దిగేవాడు. జబీనాకు ఐదేళ్లప్పుడు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి నీళ్లల్లోకి తోశాడు. తొమ్మిదేళ్లకు బుర్రలు లేకుండా బావి అడుగు తాకి వచ్చింది. పెద్దవాళ్లు పట్టని రాళ్ల సందుల్లోకి ఆ పిల్ల దూరి, మోటారు చెవికి మోకు వేసి ముడి బిగించి వచ్చేది. పైన రైతులు ఎన్ని అంకెలు లెక్కపెడితే ఈ పిల్ల తేలుతుందోనని పందేలు వేసుకునేవాళ్లు. తొంభై దాటినాక తేలిన రోజు ఒక రైతు సంతోషం పట్టలేక గంప నిండా వేరుశనగకాయలిచ్చి పంపించాడు.

పదమూడో ఏట పెద్దమనిషైంది. ఆ రోజుతో బావి బందు. "ఇంక ఆడికి రావద్దు నాయనా" అన్నాడు దాదా ఖలందర్. కూతుర్ని కూడా నాయనా అనే పిలిచేవాడాయన. వాదించడం తెలియని వయసు. గట్టు మీద బురఖా అంచు పట్టుకుని రెండుసార్లు నిలబడి చూసింది, మూడోసారి పోలేదు. తర్వాత బోర్లొచ్చాయి. బావులెండి, చెత్త పోసుకునే గుంటలయ్యాయి. నాయన ముసలితనంలో ఆయాసంతో పోయాడు. ముప్పై ఏళ్లకు పైగా జబీనా నీళ్లు నెత్తి మీద పోసుకోవడమే గానీ, నీళ్లల్లో నెత్తి ముంచింది లేదు.

జనవరి నెలాఖరున బస్సులో చెన్నై, అక్కడి నుంచి విమానం, ఆ పైన పెద్ద పడవ. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపం చేరేసరికి డీలర్లలో సగం మందికి కడుపులో తిప్పింది. జబీనా పడవ పైభాగంలో ఒక్కతే నిలబడి గాలికి ముఖం పెట్టింది. గడివేముల డీలరు సుందరరాజు వచ్చి పక్కన నిలబడ్డాడు. యాభై ఐదేళ్ల మనిషి, చర్చిలో పెద్ద, నోరు కూడా పెద్దదే.

"ఏమ్మా జబీనా, భయమేస్తాందా?"

"దేనికన్నా?"

"ఇంత నీళ్లు చూసి."

"నీళ్లు చూసి కాదన్నా. మీరంతా కక్కుతాంటే యాడ మీద పడుతుందోనని."

సుందరరాజు పగలబడి నవ్వాడు. మిగతావాళ్లు మాత్రం రెండు రోజులూ ఆమెతో ఎడంగానే ఉన్నారు. అన్నం దగ్గర ఆమె కూర్చున్న బల్ల ఖాళీగానే మిగిలేది. ఆమె నెమ్మదిగా, కడుపు నిండా తిని లేచేది.

మూడో రోజు పొద్దున్నే తిమోతి జాబితా చదివాడు. డైవింగ్‌కు ఇరవై ఒక్క పేర్లు. ఆమె పేరు లేదు.

"మీకు అద్దం పడవ పెట్టించినానమ్మా" అన్నాడు తిమోతి నసుగుతూ. "కింద అద్దముంటాది. కూచున్నచోట్నించే చేపలన్నీ చూడొచ్చు. తడిసే పని లేదు."

"నేను తడవను అన్యానా?"

"లేదు గానీ... ఆ రబ్బరు బట్టలు ఒంటికి అతుక్కుంటాయి. మీకు బాగుండదని..."

"తిమోతీ, నీకు నేను చెడ్డ చేయాలని లేదు. మంచి పిల్లోనివి. కానీ నాకేది బాగుంటాదో మీ కంపెనీ చెప్పాల్నా, అబ్దుల్లా చెప్పాల్నా, నువ్వు చెప్పాల్నా? నా నోరు యాడికి పోయింది? పేరు రాయి."

డీలర్లలో ఎవరో వెనక నుంచి "పోయినప్పుడు జరగరానిది జరిగితే అందరికీ చెడ్డపేరు" అన్నారు. జబీనా వెనక్కి తిరిగి, "జరిగితే మీకు జరిగినట్లే నాకూ జరుగుతాది. మీకు పేరుండాది, నాకు ల్యాదా?" అంది. తిమోతి జాబితా అడుగున ఆమె పేరు రాశాడు.

డైవింగ్ చేయించేవాళ్ల కొట్టు కొబ్బరిచెట్ల కింద రేకుల షెడ్డు. అక్కడ కాగితాలిచ్చారు. గుండెజబ్బుందా, ఆయాసముందా, చెవుల్లో చీముందా అని అందులో ప్రశ్నలు. జబీనా అన్నిటికీ లేదని టిక్కులు పెట్టి సంతకం చేసింది. బట్టల దగ్గర మళ్లీ ఆగింది కథ. రబ్బరు సూటు మీద తన పొడుగు చొక్కా వేసుకుంటానని, నెత్తికి గుడ్డ ఉండాలని ఆమె అడిగింది. కుదరదన్నాడు కౌంటరులో కుర్రాడు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

లోపలి నుంచి డైవింగ్ నేర్పే బిశ్వాస్ వచ్చాడు. ఆ ద్వీపంలోనే పుట్టి పెరిగిన బెంగాలీ, నలభై ఏళ్లుంటాయి, ఎండకు ముఖం నల్లగా కాలి ఉంది. ఆమె ఉర్దూలో చెప్పింది, అతను హిందీలో విన్నాడు. "వేలాడే కొసలుండకూడదు, పిన్నులుండకూడదు. అంతే" అన్నాడు. నెత్తి గుడ్డ చుట్టూ బిగించి, పైన రబ్బరు టోపీ తొడిగించాడు. చొక్కా కొసలు నడుము దగ్గర బెల్టు కింద దూర్చించాడు. ఐదు నిమిషాల్లో అయిపోయింది పని.

మొదట ఛాతీ లోతు నీళ్లలో పాఠం. వీపున గాలి సిలిండరు, నోట్లో గొట్టం, ముక్కు మూసే అద్దాలు. బిశ్వాస్ హిందీలో చెప్పుకుపోతున్నాడు. డీలర్లు తలలూపుతున్నారు గానీ ఒక్కరికీ అర్థం కావడం లేదని జబీనాకు తెలిసిపోయింది. బొటనవేలు పైకెత్తి చూపించాడు బిశ్వాస్. బాగుందని చెప్పడమనుకుని పదిమంది తామూ బొటనవేళ్లు ఎత్తారు. బిశ్వాస్ తల పట్టుకున్నాడు.

"కాదప్పా!" అని కేక వేసింది జబీనా. "బొటనేలు ఎత్తితే పైకి తీసకపో అని. బాగుండాదని చెప్పాలంటే బొటనేలూ చూపుడేలూ కలిపి సున్న చుట్టాల. బాగలేకపోతే చెయ్యి ఇట్ల అటూ ఇటూ ఆడించాల. ఇవి తప్పితే నీళ్ల కింద మీ మాట వినేటోడు ఎవురూ ఉండడు."

అక్కడి నుంచి పాఠం ఆమె నోటి మీదుగానే సాగింది. బిశ్వాస్ ఒక ముక్క చెప్పేవాడు, ఆమె తెలుగులో అందుకునేది. చెవులు నొప్పెడితే ముక్కు నులిమి ఊదాలని, అద్దాల్లోకి నీళ్లొస్తే పై అంచు నొక్కి ముక్కుతో ఊదాలని. బిశ్వాస్ అన్నిటికంటే గట్టిగా, మూడుసార్లు చెప్పిన మాట ఒకటుంది. "సాస్ మత్ రోక్‌నా."

"సాస్ అంటే అత్త గదమ్మా?" అన్నాడు సుందరరాజు. "అత్తను ఆపొద్దంటాడేంది ఈయప్ప?"

అందరూ నవ్వారు. జబీనా కూడా నవ్వింది. "ఊపిరన్నా. ఊపిరి బిగబట్టొద్దంటాండాడు. పీల్చాల, వదలాల, పీల్చాల, వదలాల. యాడా ఆపొద్దు. బిగబట్టి పైకొస్తే లోపల గాలి ఉబ్బి ఊపిరితిత్తులు పగులుతాయంట."

నవ్విన సుందరరాజే మొదట బెదిరిపోయాడు. ముఖం నీళ్లలో పెట్టగానే కాళ్లు చేతులు కొట్టుకుని, గొట్టం ఊసేసి, అద్దాలు పీకి పారేశాడు. నిలబడితే ఛాతీదాకా వచ్చే నీళ్లు, ఆ సంగతే మరిచిపోయాడు. జబీనా దగ్గర ఉంది. భుజం పట్టి నిలబెట్టింది.

"సుందరరాజన్నా, కాళ్లు కింద పెట్టు. ఇసుక ఉండాది. తగిలిందా?"

"తగిలింది... తగిలింది..."

"మల్ల ఎందుకు కొట్టుకుంటాండావ్? నన్ను చూడు. ఊదు. ఇంగా ఊదు."

ఆయన ముఖం తెల్లబోయి ఉంది. కొంచెం తేరుకున్నాక, "నాతో కాదులేమ్మా. నేను గట్టునే ఉంటా" అన్నాడు. వెనక ఎవరో ఎగతాళిగా కూశారు. "నవ్వద్దు" అంది జబీనా ఆ వైపు చూడకుండానే. "చేతగాదని చెప్పేదానికి దమ్ముండాల. ఆయన చెప్పినాడు."

తన వంతు వచ్చాక పడవ మీద కొంత దూరం పోయి, బిశ్వాస్‌తో నీళ్లలోకి దిగింది. అక్కడ తెలిసింది ఆమెకు అసలు కష్టం. ఇరవై మందికి తెలుగులో చెప్పిన మాట తన ఒంటికే ఎక్కలేదు. తల మునగ్గానే, ముప్పై ఏళ్లు నిద్రపోయిన అలవాటు లేచి కూర్చుంది. నోరు బిగుసుకుంది, ఛాతీ బిగుసుకుంది, లోపల అంకెలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది... పదిహేను. బిశ్వాస్ ఆమె ముఖం ముందుకొచ్చి వేలు అడ్డంగా ఊపాడు. ఆమె ఒకసారి పీల్చి, మళ్లీ బిగబట్టింది. అతను బొటనవేలు పైకెత్తి ఆమెను నీటి మీదికి తీసుకొచ్చాడు.

"ఈత వచ్చినవాళ్లతోనే నాకు తంటా" అన్నాడు. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"బావుల్లో. మా నాయన నేర్పించినాడు."

"ఇక్కడ బిగబడితే ప్రమాదం. ఇంకోసారి బిగబడితే పడవెక్కించేస్తా. తప్పదు."

పడవ మీద నుంచి ఇద్దరు డీలర్లు చూస్తున్నారు. జబీనాకు ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు, తన ఛాతీ మీద. పదమూడేళ్లప్పుడు రావద్దన్నారని ఆగింది. ఈ రోజు రావద్దనేది తన ఒళ్లే అయినా సరే, ఆగేది లేదనుకుంది. "ఇంకోసారి దింపండి. బిగబట్టను" అంది.

ఈసారి అంకెలు లెక్కపెట్టలేదు. తల మునిగింది. నోట్లో గొట్టాన్ని పళ్లతో పట్టుకుని, కళ్లు మూసుకుని, బావిలో చస్తే చేయని పని చేసింది. నీళ్ల కింద గాలి పీల్చింది. చల్లగా, పొడిగా, రబ్బరు వాసనతో లోపలికొచ్చింది గాలి. వదిలింది. చెవుల పక్క నుంచి బుడగలు గలగలమని పైకి పోయాయి. మళ్లీ పీల్చింది. ఏమీ కాలేదు. ఇంకోసారి. బిశ్వాస్ సున్న చుట్టి అడిగాడు. ఆమె సున్న చుట్టి చూపించింది.

అప్పుడు కళ్లు తెరిచింది. బావి అడుగున ఎప్పుడూ చీకటే. చేత్తో తడిమి చూడాల్సిందే. ఇక్కడ మూడు నిలువుల లోతున కూడా ఎండ వచ్చి ఇసుక మీద వలలా ఆడుతోంది. పగడపు దిబ్బలు కొన్ని పుట్టగొడుగుల్లా, కొన్ని జింక కొమ్ముల్లా లేచి ఉన్నాయి. వాటి మీద ఎవరో గుప్పెడు జొన్నలు చల్లినట్టు చిన్న చేపలు ఒక్కసారిగా విచ్చుకుని, ఒక్కసారిగా దగ్గరయ్యాయి. పచ్చటి చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే కరకరమన్న చప్పుడు నీళ్లలో వినపడింది. జబీనా దాని పక్కనే నిలిచి చూసింది. పైకి పోవాలన్న తొందర లేదు. పైన లెక్కపెట్టేవాళ్లు లేరు. బావిలో ఎప్పుడూ ఊపిరి అయిపోయేలోగా పని ముగించుకుని రావడమే. చూసేంత తీరిక నీళ్ల అడుగున ఆమెకు దొరకడం ఇదే మొదలు. నాయన గుర్తొచ్చి అద్దాల్లో కళ్లు తడిశాయి. పై అంచు నొక్కి ముక్కుతో ఊదింది.

బిశ్వాస్ పైకి పోదామని వేలెత్తాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను సిలిండరులో గాలి కొలిచే ముల్లు చూసి, ఐదు వేళ్లు చూపించాడు. ఇంకో ఐదు నిమిషాలు. ఆ ఐదూ తీసుకునే వచ్చింది.

బిశ్వాస్ నీళ్ల కింద తీసిన వీడియోలను తిమోతి సాయంత్రమే డీలర్ల గ్రూపులో పెట్టాడు. అవి జబీనా కంటే ముందే ఆళ్లగడ్డ చేరాయి. ఆమె ఇంటికొచ్చేసరికి అబ్దుల్లా ఫోన్ చేత్తో పట్టుకుని వాకిట్లోనే ఉన్నాడు.

"పరాయి మొగోడు నీ వీపు పట్టుకోనుండాడు. ఇది ఊరంతా చూస్తాండారు. సిగ్గుండాదా?"

"వీపు కాదు, సిలిండరు పట్టుకోనుండాడు. అది పట్టుకోకపోతే మనిషి కొట్టుకపోతాడు. ఆస్పత్రిలో నీ భార్యకు కాన్పు చేసిన డాక్టరు మొగోడు కాదా? ఆ రోజు సిగ్గు యాడికి పోయింది?"

"నలుగురి ముందర తప్పైందని చెప్పు. నేను సర్దుకుంటా."

"తప్పు చేసింటే చెప్తా. ఏం చేసినానో నువ్వే చెప్పు. ఒళ్లంతా కప్పుకునే దిగినా. నా కష్టంతో వచ్చిన టికెట్టుతో పోయినా. ఏది తప్పు?"

అబ్దుల్లా అంగడికి రావడం మానేశాడు. రెండు నెలలకు బస్టాండు దగ్గర సొంతంగా పురుగుమందుల కొట్టు పెట్టాడు. చుట్టాల్లో కొందరు రైతులు అటు పోయారు. ఆ నష్టం జబీనాకు తెలియకుండా పోలేదు. ఎవరినీ పిలిచి బతిమాలలేదు. పొద్దున ఎనిమిదికి షట్టర్ లేపుతూనే ఉంది. సుందరరాజు మాత్రం గడివేముల నుంచి ఎవరు ఆళ్లగడ్డ వైపు వచ్చినా, "విత్తనం గురించి ఆయమ్మనడుగు. నాకంటే ఆయమ్మకే బాగ తెలుసు" అని పంపేవాడు.

మే నెలలో హజీరా చెల్లెలి మనవరాలి పెళ్లి వచ్చింది. అబ్దుల్లాకు ఎదురుపడటమెందుకు, పోకపోతేనే మర్యాదని ఒక పెద్దాయన జబీనాకు కబురు పెట్టాడు. ఆమె అత్తను ఆటోలో కూర్చోబెట్టుకుని, కొత్త చీర కట్టుకుని పోయింది. ఆడవాళ్ల వైపు షామియానాలో మొదట ఎవరూ పలకరించలేదు. బిర్యానీ పళ్లేలు వచ్చాక అబ్దుల్లా భార్య ఆలియా మెల్లగా జరిగి పక్కకొచ్చింది.

"భాభీ, ఉప్పునీళ్లల్లో కండ్లు మండవా?"

"అద్దాలుంటాయి గదా. మండవు."

"మల్ల మాట్లాడాలంటే?"

"చేత్తోనే." జబీనా పళ్లెం పక్కన పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్న చుట్టింది. ఆలియా తన వేళ్లతో అట్లాగే చుట్టింది. ఎదురుగా ఉన్న ఇద్దరు ఆడపిల్లలు కుర్చీలు లాక్కుని దగ్గరకొచ్చారు. వాళ్ల వెనక వాళ్ల అమ్మలు. చేపలు కరుస్తాయా అని ఒకరు, ఎంత లోతుకు పోయినావని ఒకరు, మనలాంటి వాళ్లను కూడా దింపుతారా అని ఇంకొకరు.

షామియానా పరదా తొలగించి అబ్దుల్లా తొంగి చూశాడు. భార్య వైపు చూశాడు, వదిన వైపు చూశాడు.

"నా మాదిరి వాళ్లనే దింపినారు, నిన్ను దింపరా?" అంది జబీనా ఆ ప్రశ్న వేసినామెతో, ఆ చివర కూర్చున్నవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా. "మొదాట ఛాతీ లోతు నీళ్లల్లో నిలబెడతారు. రా ముందుకు, చెప్తా."